నిపుణుని మాట – నలుగురి మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము స్థాపించుట ఉత్సాహవంతులకు సాధ్యమే. దానిని 25 సంవత్సరములు తలుపులు మూయకుండ నిలుపుట మాత్రము ఓర్పు గలవారికే సాధ్యము. ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేసినవారు, చెదలు పట్టకుండ పుస్తకముల నెండబెట్టినవారు, సాయంకాలము దీపము వెలిగించి బల్లపై పత్రికలు పరచినవారు – వీరందరి శ్రమకు ఫలమీ రజతోత్సవము. చిన్న తిరుపతి యని ప్రసిద్ధి గాంచిన ద్వారకా తిరుమల సీమలో దైవదర్శనమునకు వచ్చువారికి ఏనాడును కొదవ లేదు. పుస్తకమునకై వచ్చువారు కూడ ఇన్నేండ్లు తగ్గక వచ్చుచుండుట ఈ ప్రాంతమునకు గౌరవము.

ఏ గ్రామ గ్రంథాలయమున నైనను సాధారణముగా రెండు విధములైన బీరువాలుండును. ఒకదానిలో వ్యవసాయము, ఆరోగ్యము, భౌతిక రసాయన శాస్త్రములు మున్నగువానికి సంబంధించిన గ్రంథములు. రెండవదానిలో రాజ్యాంగము, పంచాయతీ చట్టములు, దేశచరిత్ర, నాయకుల జీవితములు. చదువరులును రెండు తెగలుగా నుందురు. మొదటి బీరువా పండితులది, రెండవది పౌరులది యని ఒక భావము మన మనస్సులలో పాతుకొని యున్నది. శాస్త్రమున ఓట్లతో పని లేదు. ఓట్లలో శాస్త్రముతో పని లేదు. ఎవరి దారి వారిది యనుకొందుము. ఈ భావము సరియైనదేనా? ఈ రెండు బీరువాల నడుమ నిజముగా గోడ యున్నదా? నేటి ఉపన్యాసమునకు ఇదియే విషయము.

తెలుగునాట ఈ ప్రశ్నకు కొంత పూర్వచరిత్ర గలదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమ మిత్రులతో కలిసి హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములు కూడ తెలుగు చదువరి చేతికి తెలుగులోనే అందవలె నని వారి సంకల్పము. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. పుస్తకము ఊరూర నుండవలె నను ఉద్యమము అచ్చటినుండి బలపడెను. ఆ పెద్దల కాలమున ముఖ్యముగా కావలసినది శాస్త్రమును ప్రజలకు చేర్చుట. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి, వయోజనులందరికి ఓటు లభించిన పిమ్మట మరియొక ప్రశ్న బయలుదేరెను. పాలించు అధికారము ప్రజలది. ఆనకట్ట యెంత యెత్తు, మందు యెంత మోతాదు, చెరువు హద్దు ఎచ్చట, అను సంగతులు తెలిసినది నిపుణులకు. అట్టిచో తుదినిర్ణయము ఎవరిది?

ఈ ప్రశ్నను జీవితకాలపు అధ్యయనముగా గైకొనిన విదుషీమణి యొకరు భారతదేశమున జన్మించినవారే. ఆమె పేరు షీలా జాసనాఫ్. 1944లో కలకత్తాలో వంగకుటుంబమున పుట్టి, బాల్యమునందే తల్లిదండ్రులతో అమెరికాకు వెడలిరి. ఆమె విద్యాయాత్ర తిన్నగా సాగినది కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున మొదట గణితము చదివిరి. జర్మనీలోని బాన్ నగరమున భాషాశాస్త్రము నభ్యసించి, 1973లో హార్వర్డున ఆ శాస్త్రమునందే డాక్టరు పట్టము పొందిరి. అంతటితో తృప్తి చెందక న్యాయశాస్త్రము చదివి 1976లో పట్టభద్రులై, బోస్టను నగరమున పర్యావరణ సంబంధమైన వ్యవహారములలో న్యాయవాదిగా కొంతకాలము పనిచేసిరి.

గణితము, భాష, న్యాయము – ఈ మూడును ఒకదానితో నొకటి పొసగని చదువులవలె తోచును. కాని ఆమె విషయమున మూడును ఒక్కచోట కలిసినవి. గాలిలో ఒక విషపదార్థము ఇంతవరకు ఉండవచ్చునని చట్టమున ఒక అంకె వ్రాసియుండును. ఆ అంకె గణితమువలె కనిపించును. దానిని వ్రాసినది భాష. అమలు జరుపునది న్యాయము. ఆ అంకె ఎట్లు పుట్టినది? ఎవరెవరు కూర్చుండి తేల్చిరి? అప్పుడు ఎవరి మాట వినిరి, ఎవరి మాట వినలేదు? ఈ ప్రశ్నలు వేయుటకు న్యాయవాదిగా గడచిన కాలము ఆమెకు తోడ్పడియుండును.

1978లో ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధనకు చేరి, 20 సంవత్సరములు అచ్చట నుండిరి. శాస్త్రవిజ్ఞానమునకు, సమాజమునకు గల సంబంధమును పరిశీలించు ప్రత్యేక శాఖ అచ్చట ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలైరి. 1990లో వెలువడిన ఆమె గ్రంథము పేరును తెలుగున చెప్పవలెనన్న 'ఐదవ అంగము' అనవలెను. ప్రభుత్వమునకు శాసనసభ, కార్యనిర్వాహకవర్గము, న్యాయస్థానము అను మూడంగములు గలవని మన పిల్లలు బడిలో చదువుదురు. అమెరికాలో నియంత్రణాధికారము గల ప్రభుత్వ సంస్థలను నాలుగవ అంగమని కొందరందురు. ఆ సంస్థలకు సలహా లిచ్చు శాస్త్రజ్ఞుల సంఘములు ఐదవ అంగమై కూర్చున్నవని ఆమె చూపిరి. వీరిని ఎవరును ఎన్నుకొనలేదు. అయినను వీరి సలహాలు కోట్లాది జనుల ఆహారపానీయములను, గాలిని, మందులను నిర్ణయించుచున్నవి.

అందుచేత ఆ సంఘములను రద్దు చేయవలెనని ఆమె చెప్పలేదు. ఆమె చూపిన సూక్ష్మము వేరు. ప్రయోగశాలలో నిదానముగా జరుగు పరిశోధన యొకటి. చట్టము చేయుటకు తొందరగా, సగము తెలిసి సగము తెలియని స్థితిలో ఇయ్యవలసిన శాస్త్రసలహా యొకటి. రెండవదానిలో తెలిసినదెంత, ఊహించినదెంత, 'ఇంత ప్రమాదము సహింపవచ్చును' అని తలచినదెంత – ఇవి కలిసిపోయి యుండును. ఎంత ప్రమాదము సంభవించునో చెప్పుట శాస్త్రము పని. ఎంత ప్రమాదము సహింపదగునో చెప్పుట శాస్త్రము పని మాత్రమే కాదు. అది సహింపవలసినవాని పని కూడ. ఈ రెంటిని ఒకే మూటలో కట్టి 'ఇది శాస్త్రము' అని పౌరుని చేతికిచ్చినప్పుడు అతనికి ప్రశ్నించు హక్కు పోవును.

దీనికి మన దేశమున ఘోరమైన నిదర్శనము గలదు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలు నగరమున యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలాదిమంది మరణించిరి. ఆ కర్మాగారపు గోడల ప్రక్కనే కాపురముండిన బీదప్రజలకు లోపల నిలువచేసిన పదార్థమెట్టిదో తెలియదు. అది వెలువడినచో ఎటు పరుగెత్తవలెనో, ముఖమునకు తడిగుడ్డ కట్టుకొనవలెనని యైనను, వారికి చెప్పినవారు లేరు. ఆసుపత్రిలోని వైద్యులకు సైతము ఎట్టి చికిత్స చేయవలెనో తోచలేదు. తెలివి లోకమున లేకపోలేదు. అది కావలసినవారి యొద్ద లేదు. 1994లో జాసనాఫ్ గారు సంపాదకత్వము వహించి ప్రకటించిన గ్రంథమొకటి ఈ దుర్ఘటననుండి ప్రపంచము నేర్వవలసిన పాఠములను విచారించినది. జ్ఞానము పంపకము కానిచో ప్రమాదము ఎవరి పాలబడునో భోపాలు చూపినది.

మరుసటి యేట, 1995లో, న్యాయస్థానములకు శాస్త్రమునకు గల సంబంధమును గూర్చి ఆమె వ్రాసిరి. 2005లో వెలువడిన గ్రంథమున అమెరికా, బ్రిటను, జర్మనీ దేశములను పోల్చిరి. జీవకణములలో మార్పులు చేయు నూతన విద్య యీ మూడు దేశములకు ఒకే కాలమున వచ్చెను. శాస్త్రమొక్కటే, దేశములన్నియు సంపన్నములే, చదువుకొన్నవే. అయినను మూడును మూడు విధములుగా నిర్ణయములు చేసినవి. అమెరికాలో వాదిప్రతివాదులు బహిరంగముగా పోరాడి తేల్చుకొందురు. బ్రిటనులో అనుభవజ్ఞుడై, ప్రజాసేవలో పేరుపొందిన పెద్దమనిషి మాటకు విలువ. జర్మనీలో భిన్నవర్గముల ప్రతినిధులు కూర్చుండి ఏకాభిప్రాయమునకు వచ్చినగాని తృప్తి లేదు. నిజమును పరీక్షించుటకు ప్రతి జాతికిని తనదైన ఆనవాయితీ యొకటి గలదని దీనివలన తేలినది. మన గ్రామములలో రచ్చబండ కడ నలుగురిలో నిలబెట్టి అడుగుట అట్టి ఆనవాయితీయే గదా!

1998లో ఆమె హార్వర్డు విశ్వవిద్యాలయమునకు మరలి వచ్చి, శాస్త్రము–సాంకేతికము–సమాజము అను విషయమున ఒక అధ్యయన కేంద్రమును నెలకొల్పిరి. శాస్త్రమును, ప్రజాస్వామ్యమును కలిపి పరిశీలించు పండితులకు ఒక కూటమిని ఏర్పరచిరి. 2022లో నార్వే దేశపు హోల్బర్గ్ బహుమానము ఆమెకు లభించెను. మానవీయ, సామాజిక శాస్త్రములలో కృషిచేసినవారికి ఇచ్చు గొప్ప బహుమానములలో నది యొకటి. ఇట్లు నాలుగు దశాబ్దములకు మించిన కృషిలో ఆమె చెప్పిన సంగతులలో గ్రామవాసికి మిక్కిలి ఉపయోగపడునది 2003లో వ్రాసిన ఒక వ్యాసమున గలదు. నిపుణులకు వినయము నేర్పు సాధనములు కావలెనని అందలి సారము. దానికి ఆమె నాలుగు గురుతులు చెప్పిరి. వానిని మన మాటలలో నాలుగు ప్రశ్నలుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది: సమస్యను ఎట్లు నిర్వచించిరి? రెండవది: దెబ్బ తగిలినచో ఎవరికి తగులును? మూడవది: లాభమెవరికి, నష్టమెవరికి? నాలుగవది: జరిగినదాని నుండి ఏమి నేర్చుకొంటిమి?

ఈ నాలుగు ప్రశ్నలు వేయుటకు పట్టములు అక్కరలేదు. కాని వాని జవాబులు పరీక్షించుటకు చదువు కావలెను. ఈ భేదము గుర్తుంచుకొనదగినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును, వచ్చినది కూడ. నిపుణుని ప్రశ్నింపుమని ప్రతివానికి చెప్పినచో, కలరా క్రిమివలన వచ్చునా గ్రామదేవత కోపమువలన వచ్చునా యను దానిని కూడ చేతులెత్తించి తేల్చుకొందురా యని అడుగుదురు. ఇది కొట్టివేయదగిన ఆక్షేపణ కాదు. చేతులు లెక్కించి క్రిమిని చంపజాలము. నలుగురు కోరినంత మాత్రమున నీరు పల్లమును విడిచి మెరకకు పారదు. అయితే ప్రశ్నించుటయు, తిరస్కరించుటయు ఒకటి కాదు. లెక్క చూపుమని గుమాస్తాను అడిగినవాడు గణితమును కాదనినట్లు కాదు. నిజమైన శాస్త్రజ్ఞుడు లెక్క చూపుటకు వెనుదీయడు. ఏలయన శాస్త్రము పెరిగినదే ఒకరి లెక్కను మరియొకరు సరిచూచుటచేత.

సామాన్యుల చేత లెక్క అడిగించిన ప్రయత్నమొకటి మన తెలుగునేలపైననే జరిగినది. 2001 జూన్ మాసాంతమున అప్పటి మెదకు జిల్లా అల్గోలు గ్రామమున 'ప్రజాతీర్పు' అను పేర ఒక సభ కూర్చబడెను. నాటి రాష్ట్రప్రభుత్వము 'విజన్ 2020' అను ప్రణాళికను ప్రకటించి యుండెను. వ్యవసాయముపై ఆధారపడిన జనసంఖ్యను నూటికి 70 నుండి 40కి తగ్గించుట అందలి యుద్దేశములలో నొకటి. చిన్న సన్నకారు రైతులు, వారిలో పెక్కురు స్త్రీలు, న్యాయనిర్ణేతలుగా కూర్చుండిరి. ప్రభుత్వోద్యోగులు, శాస్త్రజ్ఞులు, వ్యాపారసంస్థలవారు మున్నగువారు సాక్షులై వారి యెదుట మాట్లాడిరి. వ్యవసాయపు భవిష్యత్తును గూర్చిన మూడు చిత్రములు వారి ముందుంచబడినవి. మూడింటిలో నొకదానిని ఎన్నుకొని ఊరకుండక, తమకు కావలసినదేమో వారు తామే చెప్పిరి. పొలములనుండి జనులను తొలగించు పద్ధతి వలదనిరి. విత్తనము, ఆహారము తమ చేతిలో నుండవలె ననిరి.

ఆ తీర్పు దేశాంతరముల వరకు ప్రాకినది. నిర్ణేతల నెట్లు ఎంపిక చేసిరి, సాక్షుల నెవరు పిలిచిరి, నిర్వాహకుల అభిప్రాయము తీర్పుపై నీడ వేయలేదా, అని ఆక్షేపణలు బయలుదేరెను. ఆ యాక్షేపణలు న్యాయమైనవే. నిపుణుల సంఘమును అడుగదగిన ప్రశ్నలను ప్రజల సభను కూడ అడుగవలెను. కాని అదే ప్రశ్నను ఆ ప్రణాళికను తయారుచేసినవారిని గూర్చి ఎందరడిగిరి? వారి నెవరెన్నుకొనిరి? వారి సాక్షు లెవరు? తక్కెడ రెండు సిబ్బెలకు ఒకే తూకపురాయి ఉండవలెను.

ఇక మన ముంగిటి సంగతికి వత్తము. ఇది చదివి మరచు విషయము కాదు. కన్నుల యెదుట నున్న కొల్లేరు.

కృష్ణా గోదావరీ మండలముల నడుమ ఏర్పడిన యీ మంచినీటి సరస్సునకు మెట్టసీమలో కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి యేరుల ద్వారమున చేరును. అధికమైన నీరు సుమారు 60 కిలోమీటర్ల పొడవు గల ఉప్పుటేరు గుండ సముద్రమున కలియును. వరద కాలమున నీటిని తన కడుపులో నిలుపుకొని డెల్టాను కాపాడు సహజమైన తొట్టి యిది. గూడబాతులకు, వలసపక్షులకు విడిది. లంకగ్రామములలోని మత్స్యకారులకు అన్నపాత్ర. అందుచేత కొల్లేటి సంగతి మెట్టవారికి పట్టనిది కాదు, పల్లమువారికి మాత్రమే చెందినదియు కాదు.

1970 దశకమున ప్రభుత్వమే సహకార సంఘముల ద్వారమున సరస్సులో చేపల చెరువులకు ప్రోత్సాహ మిచ్చెను. క్రమముగా బయటి పెట్టుబడి వచ్చిపడినది. గట్లు పెరిగినవి, నీటి దారులు మూతబడినవి. చుట్టుప్రక్కల పట్టణముల మురుగు, పొలముల ఎరువుల కల్మషము సరస్సులో దిగినది. 1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తు గల రేఖవరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించిరి. 2002లో రామ్సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో సుప్రీంకోర్టు సాధికార సంఘపు ఆదేశములను పురస్కరించుకొని ప్రభుత్వము హద్దులోపలి చెరువుల గట్లను తెగగొట్టించెను. 2008లో శాసనసభ హద్దును 5 అడుగుల రేఖనుండి 3 అడుగుల రేఖకు తగ్గింపవలెనని తీర్మానించెను. కేంద్రప్రభుత్వము అజీజ్ గారి అధ్యక్షతన 2010లో ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము హద్దు తగ్గింపును సమర్థింపలేదు. ఆ తరువాతను చెరువులు మరల మొలచుట, మరల తొలగింపుమనుట జరుగుచు వచ్చినవి.

ఈ చరిత్రకు ఆ నాలుగు ప్రశ్నలు వేసి చూడుడు. సమస్యను ఎట్లు నిర్వచించిరి? ఒకనాడు 'మత్స్యసంపద పెంచుట' అనిరి; మరియొకనాడు 'ఆక్రమణ తొలగించుట' అనిరి. నీరు అదే, మనుష్యులు అదే. పేరు మారగానే నిన్నటి లబ్ధిదారుడు నేటి దోషి యయ్యెను. దెబ్బ ఎవరికి తగిలెను? గట్టు తెగినప్పుడు దూరపు పట్టణముననున్న పెట్టుబడిదారునకు డబ్బు పోయెను. కూలికి పనియే పోయెను. గట్టు నిలిచినప్పుడు చేపలరేనికి లాభము. ఎగువ గ్రామమునకు వరద. లాభనష్టముల పంపకమెట్టిది? ఆ రేఖ లోపల పట్టాభూములు గల రైతులును గలరు. తరతరములుగా వల వేయుచున్న మత్స్యకారులును గలరు. చెరువును గుత్తకు తీసికొన్న ధనికులును గలరు. అందరిని ఒకే గాట కట్టినది రేఖ. ఇక నాల్గవ ప్రశ్న – ఏమి నేర్చుకొంటిమి? దీనికి జవాబు చెప్పవలసినది ఒక్క ప్రభుత్వమే కాదు.

ఆ 5 అడుగుల రేఖను శాస్త్రజ్ఞుడు గీయగలడు. ఏ యెత్తున నీరు ఎంత నిలుచునో, ఉప్పుటేరు ఎంత దింపునో, పక్షి ఎచ్చట గూడు కట్టునో అతడు చెప్పగలడు; చెప్పవలెను కూడ. శాసనసభలో ఎన్ని చేతులు లేచినను నీటిమట్టము దిగిరాదు. అట్లే, ఆ రేఖలోపల బ్రతుకుచున్న కుటుంబము రేపు ఏమి తినవలెనో కొలబద్ద చెప్పజాలదు. నష్టపరిహారము ఎంత, ఎవరికి ముందు, ఏ పని చూపవలెను అనునవి నలుగురు కూర్చుండి తేల్చవలసిన ధర్మనిర్ణయములు. నీటి లెక్కను ఓటు మ్రింగివేసిన నాడు సరస్సు పోవును. ధర్మనిర్ణయమును లెక్క మ్రింగివేసిన నాడు మనుష్యుడు పోవును. రెండును పోకుండవలెనన్న, లెక్క బహిరంగము కావలెను. ధర్మనిర్ణయము కూడ బహిరంగము కావలెను.

స్థానికుల జ్ఞానము శాస్త్రమునకు అక్కరకు రాదని తలంపరాదు. 1946లో కె. కె. నీలకంఠన్ గారు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుచుండుటను శాస్త్రలోకమునకు తెలియజేసిరి. ఆయన వృత్తిచేత ఆంగ్లభాషోపాధ్యాయుడు. పక్షులపై ప్రీతి గలవాడు. లోకమునకు అది 1946లో తెలిసిన క్రొత్త సంగతి. ఆ చెట్ల క్రింద కాపురమున్న వారికి అది ఏటేట చూచుచున్న సంగతి. ఊరివాడు చూచినది, చదువుకొన్నవాడు వ్రాసినది – ఈ రెండును కలిసినప్పుడే అది శాస్త్రమున కెక్కినది. వ్రాయకపోయిన ఎరుక మనిషితోనే పోవును.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని గలదు. గ్రంథాలయమనిన కాలక్షేపపు నవలలకు, పరీక్షల పుస్తకములకు మాత్రమే నిలయము కాదు. పౌరుడు లెక్క అడుగుటకు సిద్ధపడు స్థలమది. ఈ ప్రాంతమునకు సంబంధించిన ప్రభుత్వ ఉత్తరువులు, నిపుణుల సంఘముల నివేదికలు, కాలువల పటములు, కొల్లేటి హద్దు చూపు పటము – ఇవి యొక చోట చేర్చి ఉంచుట తొలి పని. సమాచారహక్కు చట్టము 2005లో వచ్చినది. అడిగి తెచ్చుకొను మార్గము గలదు. ఆంగ్లమున నున్నవాని సారమును ఉపాధ్యాయులో, చదువుకొన్న యువకులో సులభమైన తెలుగున వ్రాసి గోడపత్రికగా పెట్టుట రెండవ పని. నెలకొకసారి ఒక నివేదికను బిగ్గరగా చదివించి, చదువురాని వారిని కూడ కూర్చుండబెట్టి, ఆ నాలుగు ప్రశ్నలు వేయించుట మూడవ పని. వానలు, వరదలు, బావుల నీటిమట్టము, పక్షులు వచ్చిన దినము, పంటకు పట్టిన తెగులు – వీనిని తేదీలతో ఒక పుస్తకమున వ్రాసియుంచుట నాలుగవ పని. ఈ పుస్తకము వెల తక్కువది. 25 ఏండ్లు వ్రాసినచో దానికి వెల కట్టలేము. రేపు నిపుణుడు వచ్చినప్పుడు ఊరు చేతులు జోడించుకొని నిలువక, ఆ పుస్తకమును చేతికిచ్చి మాట్లాడగలదు.

దీనివలన నిపుణునకు అవమానము లేదు, మేలు గలదు. వినువారు తెలిసినవారైనప్పుడు చెప్పువాడు జాగ్రత్తగా చెప్పును. పొలమున పురుగుమందు చల్లుమనిన వ్యాపారిని 'ఇది ఎవరు పరీక్షించిరి? కూలికి హాని లేదా?' అని అడుగు గ్రామమున మోసము నిలువదు. మంచి సలహా తప్పక నిలుచును. ప్రశ్న లేనిచోట మంచి సలహాకు, మోసమునకు ఒకే గౌరవము దక్కును. అంతకంటె శాస్త్రమునకు చేటు వేరొకటి లేదు.

విజ్ఞానచంద్రికా మండలి పెద్దలు శాస్త్రమును తెలుగున తెచ్చి యిచ్చిరి. గ్రంథాలయోద్యమ నాయకులు పుస్తకమును ఊరికి తెచ్చి యిచ్చిరి. రాజ్యాంగ నిర్మాతలు ఓటును ఇంటికి తెచ్చి యిచ్చిరి. ఈ మూడును కలిపి వాడుకొనుట మాత్రము ఎవరును తెచ్చి యియ్యలేరు. అది చదువరులే అలవరచుకొనవలెను. శాస్త్రపు బీరువా తీసి చదివినవాడు రాజ్యాంగపు బీరువా కడకు నడువవలెను; రాజ్యాంగము చదివినవాడు శాస్త్రపు బీరువా కడకు రావలెను. ఈ గదిలో ఆ రెండు బీరువాల నడుమ నున్న దూరము నాలుగడుగులకు మించదు. ఆ నాలుగడుగులు నడచువారి సంఖ్య ఏటేట పెరుగుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.